ఆటలకును స్థలపురాణములు

మన సీమలో ఊరికొక స్థలపురాణము కలదు. కొండ అక్కడ ఎందుకు వెలసినది, కోనేరు ఎవరు త్రవ్వించినారు, ఊరికి ఆ పేరు ఎట్లు వచ్చినది అను ప్రశ్నలకు అది సమాధానము చెప్పును. తిరుపతి, శ్రీకాళహస్తి, కాణిపాకము వంటి క్షేత్రముల నడుమ పుట్టి పెరిగినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ కథ వినునపుడు మన మనస్సు ఒక తీరుగ ఉండును. ఆలయపు గోడమీద చెక్కిన శాసనమును చదువునపుడు మరియొక తీరుగ ఉండును. కథ భక్తికొరకు, శాసనము లెక్కకొరకు. రెండును అవసరమే. కథను శాసనమువలె సాక్ష్యమునకు నిలిపినపుడే చిక్కు వచ్చును.

ఈ చిక్కు దేవాలయముల విషయముననే కాదు, పిల్లలు వీధిలో ఆడుకొను ఆటల విషయమునను వచ్చినది. అమెరికనులు తమ జాతీయక్రీడగ చెప్పుకొను బేస్‌బాల్‌కు ఒక స్థలపురాణము పుట్టినది. ఆంగ్లేయుల క్రికెట్టునకు ఒకటి పుట్టినది. మన బిళ్ళంగోడునకు కూడ ఒకటి పుట్టుచున్నది. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఆటలు ఎట్లు పుట్టునో, ఆటలను గూర్చిన కథలు ఎట్లు పుట్టునో రెండును బోధపడును.

ముందుగా అమెరికా కథను చూతము. బేస్‌బాల్ మన ప్రాంతమున ఎక్కువమంది చూచిన ఆట కాదు గనుక దాని రూపమును రెండు మాటలలో చెప్పవలెను. మైదానమున ఒక చతురస్రము, దాని నాలుగు మూలలయందు నాలుగు స్థావరములు ఉండును. ఒక మూల నిలిచినవాడు గుండ్రని కర్రతో బంతిని కొట్టి, తక్కిన మూడు మూలలను వరుసగ ముట్టి, బయలుదేరిన చోటికి తిరిగి చేరినచో ఒక పరుగు లెక్క. క్రికెట్టులో ఇద్దరు ఎదురెదురుగ పరుగెత్తుదురు. ఇందులో ఒకరి వెనుక ఒకరు చుట్టు తిరుగుదురు. కర్రతో కొట్టుట, పరుగెత్తుట, గాలిలోని బంతిని పట్టి కొట్టినవానిని వెలికి పంపుట అను మూడును రెండు ఆటలకును సమానమే.

ఈ ఆట పుట్టుకను గూర్చి ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికాలో గొప్ప వాదము చెలరేగినది. హెన్రీ చాడ్విక్ అను పత్రికారచయిత 1824లో ఇంగ్లండులో పుట్టి, బాల్యముననే అమెరికా చేరినవాడు. బేస్‌బాల్‌ను గూర్చి అంతగ వ్రాసినవారు ఆ కాలమున మరియొకరు లేరు. ఆ ఆట ఇంగ్లండు పిల్లల రౌండర్సు అను ఆట నుండి పెరిగినదని అతడు చెప్పినాడు. ఆల్బర్ట్ స్పాల్డింగ్ అను ఆయనకు ఆ మాట కంటగింపు అయినది. స్పాల్డింగ్ మొదట పేరుపొందిన ఆటగాడు, పిదప కర్రలు, బంతులు అమ్మిన పెద్ద వర్తకుడు. అమెరికనుల ఆట అమెరికాలోనే పుట్టి ఉండవలెనని అతని పట్టుదల. ఈ వివాదమును తీర్చుటకు 1905లో ఒక సంఘమును ఏర్పాటు చేసినారు. వృత్తి క్రీడాకారుల నేషనల్ లీగుకు అంతకు మునుపు అధ్యక్షుడుగ ఉండిన ఏబ్రహాం మిల్స్ దానికి పెద్ద.

సంఘమువారికి వచ్చిన ఉత్తరములలో ఒకటి అబ్నర్ గ్రేవ్స్ అను గని ఇంజనీరు వ్రాసినది. న్యూయార్కు రాష్ట్రమున కూపర్స్‌టౌన్ అను చిన్న ఊరిలో, తన చిన్నతనమున, అబ్నర్ డబుల్‌డే అనునతడు ఆ ఆటను కల్పించి నేర్పినాడని అతని మాట. డబుల్‌డే సామాన్యుడు కాడు. అమెరికా అంతర్యుద్ధమున ఉత్తరపక్షపు సేనాని. 1861లో సమ్టర్ కోట నుండి ఉత్తరపక్షపు మొదటి ఫిరంగిని ప్రేల్పించిన కీర్తి అతనిది. వీరుడొకడు, పల్లెటూరొకటి, సంవత్సరమొకటి దొరికినవి. 1907 డిసెంబరు చివర సంఘము తీర్పు చెప్పినది: 1839లో కూపర్స్‌టౌన్‌లో డబుల్‌డే బేస్‌బాల్‌ను సృష్టించినాడు.

ఈ తీర్పును మన గ్రామ మునసబు ముందు పెట్టినను నిలువదు. 1839లో డబుల్‌డే కూపర్స్‌టౌన్‌లో లేడు. వెస్ట్ పాయింటు సైనిక విద్యాలయమున విద్యార్థిగ ఉన్నాడు. సాక్షి యైన గ్రేవ్స్‌కు అప్పటికి అయిదేండ్లు. డబుల్‌డే 1893లో మరణించులోపల పెక్కు వ్రాతలు వ్రాసినాడు గాని, ఈ ఆటను తాను కల్పించితినని ఒక్కచోటనైనను చెప్పుకొనలేదు. మిల్స్‌కు డబుల్‌డేతో చిరకాల పరిచయము ఉండినది. అతడైనను తన స్నేహితుడు ఈ సంగతి తనతో చెప్పెనని అనలేదు. అయినను కథ నిలిచినది. 1934లో కూపర్స్‌టౌన్ సమీపమున ఒక ఇంటి అటకమీది పెట్టెలో చినిగిన పాత బంతి ఒకటి దొరకగా, అది డబుల్‌డే బంతియే అన్నారు. ఊరి ధనికుడొకడు దానిని అయిదు డాలర్లకు కొన్నాడు. కథలోని నూరేండ్ల పండుగకు సరిగా 1939లో ఆ ఊరిలో బేస్‌బాల్ వీరుల కీర్తిమందిరమును తెరచినారు. నేటికిని అమెరికనులు అక్కడికి యాత్రకు పోయినట్లు పోవుచున్నారు.

ఇది కథ. ఇక శాసనముల వంటి సాక్ష్యములు ఏమి చెప్పుచున్నవి? 1744లో లండనులో జాన్ న్యూబెరీ అను పుస్తకవర్తకుడు పిల్లల కొరకు ఒక చిన్న బొమ్మల పుస్తకమును ప్రచురించినాడు. అందులో అనేక ఆటలతో పాటు క్రికెట్టు ఉన్నది, బేస్‌బాల్ పేరును ఉన్నది. 1749లో వేల్సు యువరాజు ఫ్రెడరిక్ ఆ ఆట ఆడెనని లండను పత్రిక ఒకటి వార్త వేసినది. 1755లో ఈస్టరు పండుగ సోమవారమున, సర్రే మండలపు గిల్డ్‌ఫర్డులో తాను యువతీయువకులతో కలిసి బేస్‌బాల్ ఆడితినని విలియం బ్రే అను న్యాయవాది తన దినచర్యలో వ్రాసుకొన్నాడు. ఆ దినచర్య 2008లో లోకమునకు తెలిసినది. జర్మనీలో గుట్స్‌మూట్స్ అను వ్యాయామ పండితుడు 1796లో ఆటలను గూర్చి వ్రాసిన గ్రంథమున ఇంగ్లీషు బేస్‌బాల్ అను పేరుతోనే దీనిని వర్ణించినాడు. అనగా డబుల్‌డే పుట్టుటకు మునుపే ఈ ఆటకు పేరు, రూపము, పుస్తకము అన్నియు ఉన్నవి.

అమెరికాలోని పాత సాక్ష్యమును ఇట్టిదే. 1791లో మసాచుసెట్సు రాష్ట్రమున పిట్స్‌ఫీల్డు ఊరివారు క్రొత్తగ కట్టిన సభామందిరపు కిటికీ అద్దములు పగులునేమో అని భయపడి, దానికి 80 గజముల లోపల బంతియాటలు ఆడరాదని కట్టడి చేసినారు. ఆ నిషేధపు జాబితాలో క్రికెట్టు ఉన్నది, బేస్‌బాల్ ఉన్నది. ఆట ఇంగ్లండు నుండి వలసపోయినవారి పిల్లలతో సముద్రము దాటినది, అమెరికా గడ్డపై మారినది. 1845లో న్యూయార్కులోని నికర్‌బాకర్ సంఘమువారు తమ నిబంధనలను కాగితముపై పెట్టినారు. పరుగెత్తువానిని బంతితో కొట్టి వెలికి పంపు పాత పద్ధతిని తీసివేసినారు. గీత వెలుపల పడిన దెబ్బకు పరుగు లేదన్నారు. 1846 జూన్ 19న ఆ నిబంధనలతో ఆడిన పందెమున ఆ సంఘమువారే 23కు 1గ ఓడిపోయినారు. తొమ్మిది ఆవృత్తులకు ఆట ముగియవలెననుట, స్థావరమునకు స్థావరమునకు 90 అడుగుల దూరముండవలెననుట 1857లో స్థిరపడినవి. ఇందులో సృష్టికర్త ఎవరు? ఒక్కడు లేడు. వందమంది చేతులు తగిలిన వస్తువు అది.

ఆంగ్లేయులు ఈ విషయమున తాము వివేకులమని అనుకొనవచ్చును. కాని వారి క్రికెట్టునకును ఒక స్థలపురాణము లేకపోలేదు. హాంప్‌షైర్ మండలమున హాంబుల్డన్ అను పల్లె కలదు. అక్కడి క్రికెట్టు సంఘము 1777లో ఇంగ్లండు జట్టును ఒక ఇన్నింగ్సు, 168 పరుగుల తేడాతో ఓడించినది. ఆ సంఘపు నాయకుని కుమారుడు జాన్ నైరన్ 1833లో తన తండ్రినాటి ఆటగాండ్రను గూర్చి ముచ్చటగ వ్రాసి పుస్తకము వేసినాడు. ఆ పుస్తకము చదివినవారెల్లరు హాంబుల్డన్‌ను క్రికెట్టు పుట్టిన ఊయెల అన్నారు. డబుల్‌డే తీర్పు వెలువడిన మరుసటి యేడే, అనగా 1908లో, ఆ ఊరి మైదానము ప్రక్కన స్మారకశిలను నాటినారు.

హాంబుల్డన్ గొప్పది నిజమే. కాని క్రికెట్టు దానికంటె రెండు నూర్ల యేండ్లు పెద్దది. ఈ సంగతి మనకు ఒక భూతగాదా వలన తెలిసినది. 1598లో గిల్డ్‌ఫర్డు ఊరిలో ఒక పుట్ర స్థలము ఎవరిదని వ్యాజ్యము వచ్చినది. జాన్ డెరిక్ అను 59 ఏండ్ల పెద్దమనుష్యుడు సాక్ష్యము చెప్పినాడు. తాను ఆ ఊరి పాఠశాలలో చదువుకొను దినములలో తోటి పిల్లలతో ఆ స్థలమున పరుగులాడి క్రికెట్టు ఆడినానని అతని వాఙ్మూలము. అనగా 1550 ప్రాంతమున సర్రే మండలపు బడిపిల్లలు క్రికెట్టు ఆడుచున్నారు. బేస్‌బాల్‌ను గూర్చి దినచర్యలో వ్రాసిన బ్రే ఆడినది కూడ ఈ గిల్డ్‌ఫర్డు ఊరిలోనే అనుట గమనింపదగినది. అన్నదమ్ముల వంటి ఆటలు రెండింటికిని పాత ఆనవాళ్ళు ఒకే ఊరిలో దొరికినవి.

మన కచేరీలలో పోరంబోకు వ్యాజ్యములు చూచినవారికి డెరిక్ సాక్ష్యము చూచి నవ్వు రాకమానదు. చిన్నప్పుడు నేను ఇక్కడనే ఆడుకొన్నాను, ఇది అందరి స్థలము, అని చెప్పు ముసలివారు మన ఊళ్ళలోను కలరు. ఆ వ్యాజ్యమునకు ఆటతో పని లేదు, నేలతోనే పని. నేల కొరకు వ్రాసిన కాగితమున ఆట పేరు జారిపడి నిలిచినది. ఆ తరువాతి సాక్ష్యమును అట్టిదే. 1611లో ససెక్స్ మండలమున సిడిల్‌షాం ఊరివారు ఇద్దరు ఆదివారమున దేవాలయమునకు పోక క్రికెట్టు ఆడినారని జరిమానా పడినది. ఆటను మెచ్చి వ్రాసిన వ్రాత కాదు ఇది, తప్పుపట్టి వ్రాసిన వ్రాత. పిట్స్‌ఫీల్డు కట్టడియు అంతే. తగవు వచ్చినపుడు, అద్దము పగిలినపుడు, జరిమానా పడినపుడు ఆట లేఖకుని కంట పడును. తగవులేని ఆట మీద కలము పారదు.

ధనము చేరినపుడు కూడ వ్రాత వచ్చును. పదునెనిమిదవ శతాబ్దిలో ఆంగ్ల ప్రభువులు క్రికెట్టు మీద పెద్ద పందెములు కాచినారు. పందెము కాచినచోట తగవు రాకుండ నిబంధన కావలెను. 1744లో లండనులో క్రికెట్టు నిబంధనలు మొదటిసారి సమగ్రముగ వ్రాసినారు. న్యూబెరీ పిల్లల పుస్తకము వచ్చినది కూడ ఆ యేడే. అప్పటి క్రికెట్టును నేటివారు చూచినచో గుర్తుపట్టుట కష్టము. వికెట్టునకు రెండే స్టంపులు, ఓవరుకు నాలుగే బంతులు, వంకరగా వంగిన బ్యాటు, చేతిని క్రిందుగ ఊపి వేయు బంతి. రెండు స్టంపుల నడుమనుండి బంతి దూరిపోయినను ఆటగాడు నిలుచుచుండుట చూచి 1775 తరువాత మూడవ స్టంపును నాటినారు. చేయి భుజము మీదికి ఎత్తి బంతి వేయుటకు 1864 దాక చట్టము ఒప్పుకొనలేదు. క్రికెట్టు ఫలానా దినమున పుట్టినది అని చెప్పదలచినవాడు, ఏ క్రికెట్టు అను ప్రశ్నకు ముందు సమాధానము చెప్పవలెను.

ఇక ఈ ఆట మన సీమకు వచ్చిన త్రోవ. 1721లో ఖంభాత్ రేవున నావలు ఆగియుండగా కంపెనీ నావికులు పొద్దుపుచ్చుటకు క్రికెట్టు ఆడినారని డౌనింగ్ అను నావికుడు వ్రాసినాడు. కలకత్తాలో 1792 నాటికే దొరల క్రికెట్టు సంఘము ఉన్నది. బొంబాయి పార్శీలు 1848లో తమ సంఘమును పెట్టుకొని, దేశీయులలో ముందుగ ఈ ఆటను చేపట్టినారు. మనకు దగ్గరిది చెన్నపట్టణము. చంద్రగిరి, వేలూరు కోటల నుండి ఆరవీటి రాజులు పాలించుచున్న కాలమున, 1639లో, వారి సామంతులైన దామెర్ల నాయకుల అనుమతితో కంపెనీవారు అక్కడ కోటకు స్థలము సంపాదించినారు. ఆ స్థలము నగరమై, ఆ నగరమున 1846లో మద్రాసు క్రికెట్టు క్లబ్బు పుట్టినది. 1865 నుండి చేపాకము దాని నెలవు. చిత్తూరు 1911 వరకు ఉత్తర ఆర్కాడు జిల్లాకు ముఖ్యపట్టణము, 1953 వరకు మద్రాసు రాజధానిలో భాగము. పై చదువు, పెద్ద కోర్టు, ఉద్యోగము అన్నియు మనవారికి చెన్నపట్టణముననే గనుక, ఆ నగరపు క్రికెట్టు కథలో మన కథయు చేరియున్నది.

ఆ నగరమున ఈ ఆటను దేశీయుల పాలు చేసినది ఒక తెలుగు ఇల్లు. మోదవరపు వేంకటమహీపతి నాయుడుగారు 1868లో పుట్టినారు. లోకము ఆయనను బుచ్చిబాబు అని పిలిచినది. దొరల క్లబ్బులో ఆనాడు భారతీయులకు సభ్యత్వము లేదు. చేపాకములో ఆడబోయిన మనవారు భోజనవేళ పెవిలియనులో కాక చెట్ల క్రింద కూర్చుండవలసి వచ్చెడిది. బుచ్చిబాబు నాయుడుగారు ఈ అవమానమునకు ఉపన్యాసముతో బదులు చెప్పలేదు. 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, మైదానమును సిద్ధము చేసి, బీద ఆటగాండ్రకు బట్టలు, బ్యాట్లు సమకూర్చి, దొరలతో సరిసమానముగ ఆడు జట్టును తయారుచేసినారు. దొరలకు, దేశీయులకు నడుమ పందెము ఏర్పాటు చేసిన 1908లోనే, ఆ పందెము కన్నుల చూడకుండ ఆయన మరణించినారు. తరువాత ఆ పందెము సంక్రాంతి దినములలో ఏటేట జరుగు పండుగయై, 1952 వరకు సాగినది. ఆయన పేరిటి పోటీలు 1909లో ఆరంభమైనవి. ఆయన కుమారులలో ఒకరైన కోటా రామస్వామిగారు 1922లో డేవిస్ కప్పు టెన్నిసులోను, 1936లో ఇంగ్లండుపై టెస్టు క్రికెట్టులోను దేశము పక్షమున ఆడినారు.

నాగపూరున స్థిరపడిన తెలుగు కుటుంబమువారైన కొట్టారి కనకయ్య నాయుడుగారు, అనగా సి. కె. నాయుడుగారు, 1932 జూన్ 25న లార్డ్సు మైదానమున భారతదేశపు మొదటి టెస్టు జట్టునకు నాయకులైనారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఆ శీతకాలముననే ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో అడుగుపెట్టినది. ఆ జట్టునకు నాయకత్వము వహించినది 58 ఏండ్ల సి. కె. నాయుడుగారే. రాష్ట్రమునకు, రాష్ట్రపు జట్టునకు ఒకే యేడు పుట్టుక అనుట మనము మరువరాదు.

బేస్‌బాల్ మాత్రము ఇట్లు ఎందుకు రాలేదు? ఆట మంచిచెడ్డలు దానికి కారణము కావు. ఆటలు ఓడలతోను, బడిపంతుళ్ళతోను ప్రయాణము చేయును. అమెరికన్ ఉపాధ్యాయుడు హోరేస్ విల్సన్ 1872లో టోకియోలో తన విద్యార్థులకు బేస్‌బాల్ నేర్పినాడు. జపానులో నేడు అదియే పెద్ద ఆట. మనకు వచ్చిన ఓడ ఇంగ్లండుది, మనకు వచ్చిన ఆట క్రికెట్టు. అమెరికాలో కూడ మొదట క్రికెట్టే ముందుండినది. రెండు దేశముల నడుమ జరిగిన మొదటి క్రికెట్టు పందెము 1844లో న్యూయార్కులో అమెరికా, కెనడాల నడుమ జరిగినది. ఇంగ్లండు, ఆస్ట్రేలియాల మొదటి టెస్టు 1877 నాటిది మాత్రమే.

ఇక మన ఇంటి ఆట యొద్దకు వత్తము. మూరెడు మించని కర్ర ఒకటి, రెండు కొనలు చెక్కిన జానెడు లోపలి కొయ్యముక్క ఒకటి, నేలలో చిన్న గుంట. కొయ్యముక్క కొనమీద కర్రతో తట్టగా అది ఎగురును, ఎగిరినదానిని గాలిలోనే కొట్టవలెను. ఎదుటివారు దానిని పట్టిరా, కొట్టినవాడు పోయినాడు. పట్టలేకపోయిరా, పడిన దూరమును కర్రతో కొలుచుకొని లెక్క వేసుకొనును. తెలుగుదేశమున దీనికి బిళ్ళంగోడు, గూటీబిళ్ళ, కర్రాబిళ్ళ, చిర్రాగోనె అని పేరులు. మూడు భాషలు కలియు మన చిత్తూరు సీమకు ఇరుగుపొరుగున ఉన్న అరవవారు కిట్టిప్పుళ్ అందురు, కన్నడిగులు చిన్నిదాండు అందురు. ఉత్తరాదిని గిల్లీదండా అందురు.

ఈ ఆట నుండియే క్రికెట్టు పుట్టినది, ఆంగ్లేయులు మన పిల్లలను చూచి నేర్చుకొని తమదని చెప్పుకొన్నారు అను మాట తరచుగ వినబడుచున్నది. వినుటకు ఇంపుగ ఉండును. కాని లెక్క కుదరదు. డెరిక్ గిల్డ్‌ఫర్డులో క్రికెట్టు ఆడినది 1550 ప్రాంతము. ఈస్టిండియా కంపెనీకి రాణి అధికారపత్రము ఇచ్చినది 1600. చెన్నపట్టణమున స్థలము దొరికినది 1639. కొనుటకు వచ్చినవాడు రాకమునుపే సరకు అమ్ముడుపోయెనని చెప్పినట్లుండును ఈ వాదము. అంతేకాక, ఇంగ్లండు పిల్లలకు బిళ్ళంగోడును బోలిన ఆట సొంతముగనే ఉండినది. దానిని వారు టిప్‌క్యాట్ అన్నారు. పదునేడవ శతాబ్దిలో జాన్ బన్యన్ అను మతగ్రంథకర్త, తన యౌవనమున ఆదివారము పూట ఆ ఆట ఆడుచుండగా మనస్సాక్షి తన్ను హెచ్చరించెనని తన ఆత్మకథలో వ్రాసుకొన్నాడు. ఆ ఆట వారు మనవద్ద నేర్చినది కాదు. మన ఆట వారివద్ద మనము నేర్చినదియు కాదు. చెట్టు కొమ్మ, ఖాళీనేల, నలుగురు పిల్లలు ఉన్నచోట ఇట్టి ఆట దానంతట అది మొలుచును. పోలిక చుట్టరికమునకు సాక్ష్యము కాదు. ఇద్దరి ముక్కులు ఒకే తీరుగ ఉన్నంత మాత్రమున ఒక తల్లి పిల్లలని పట్టా వ్రాయము గదా.

క్రికెట్టునకు తల్లి కానంత మాత్రమున బిళ్ళంగోడునకు తక్కువ లేదు. దానికి వచ్చిన ఆపద వేరు. ఆ ఆటకు వర్తకుడు లేడు, కర్రను చెట్టే ఇచ్చును. క్లబ్బు లేదు, పందెపు ధనము లేదు. కోర్టుకెక్కిన తగవు లేదు. అందువలన దాని నిబంధనలను ఎవరును అచ్చువేయలేదు. తిరుమల ఆలయపు గోడలమీది శాసనములు దానములను, నైవేద్యములను, భూములను కొలతతో సహా చెప్పును. కోనేటి గట్టున పిల్లలు ఆడిన ఆటను చెప్పవలసిన పని వానికి లేదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ప్రాచీన కావ్యముల నుండి ఆటల పేరులను శ్రమపడి ఏరి కూర్చినారు. వానిలో కొన్నింటికి పేరు మాత్రమే మిగిలినది, ఆట మిగులలేదు. కవి పేరు చెప్పి విడిచినాడు. తన పాఠకులు ఆ ఆట ఆడి పెరిగినవారే గనుక, వివరము అక్కరలేదనుకొన్నాడు. అందరికి తెలిసినదే ముందుగ మరుగున పడును.

బిళ్ళంగోడు ఇప్పుడు ఆ అంచున ఉన్నది. మన వీధులలో పిల్లలు కొబ్బరిమట్టను బ్యాటుగ చెక్కుకొని, గోడమీద బొగ్గుతో మూడు గీతలు గీసి క్రికెట్టు ఆడుచున్నారు. అందులో తప్పు లేదు. సర్రే పిల్లలు ఆడినదియు అట్టి క్రికెట్టే. ఖాళీ నేలలు ఇండ్ల స్థలములైనవి. చెక్కిన బిళ్ళ కంటికి తగులునను భయము తల్లిదండ్రులకు ఉన్నది, అది న్యాయమైన భయమే. ఆటను తిరిగి బలవంతముగ ఆడించుట ఎవరి తరము కాదు. కాని అది ఎట్లు ఆడినారో వ్రాసిపెట్టుట మన తరము.

ఈ పని పెద్దది కాదు. మన పాఠశాలల ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు ఒక సెలవుదినపు పనిగ దీనిని అప్పగింపవచ్చును. ఇంటిలోని అవ్వను, తాతను అడిగి వ్రాసుకొని రావలెను. మీ ఊరిలో ఈ ఆట పేరేమి? కర్ర ఎన్ని జానలు, బిళ్ళ ఎన్ని వ్రేళ్ళు? ఏ చెట్టు కర్ర మేలు? గుంట మీద బిళ్ళను ఎట్లు ఉంచెడివారు? ఏది జరిగినచో ఆట పోయినట్లు? దూరమును లెక్కించుటకు ఏ మాటలు వాడెడివారు? ఓడినవారికి శిక్ష ఏమి? ఏ నెలలలో ఆడెడివారు, ఆడపిల్లలు ఆడెడివారా? కుప్పము పిల్ల తెచ్చిన జవాబు, నగరి పిల్ల తెచ్చిన జవాబు, పీలేరు పిల్ల తెచ్చిన జవాబు ఒక్కటిగ ఉండవు. ఆ తేడాలే చరిత్ర. వానిని సరిదిద్ది ఒక్కటి చేయరాదు. ఏ ఊరి మాటను ఆ ఊరి పేరుతో, చెప్పినవారి వయస్సుతో, తేదీతో వ్రాసి పాఠశాలలో భద్రపరచిన చాలును.

కూపర్స్‌టౌన్‌వారు చేసిన పొరపాటు, లేని జనకుని కల్పించుట. వారు చేసిన మంచి పని, ఆట గుర్తులను ఒకచోట చేర్చి భద్రపరచుట. మొదటిదానిని విడిచి రెండవదానిని మనము తీసికొందము. గిల్డ్‌ఫర్డులో ఒక ముసలివాడు నేలతగవు కొరకు చెప్పిన ఒక్క వాక్యము వలన ఒక ఆటకు నూర్ల యేండ్ల చరిత్ర దొరికినది. అట్టి వాక్యము చెప్పగలవారు మన ప్రతి ఊరిలోను ఇంకను కొందరు ఉన్నారు. వారిని అడుగుటకు వ్యాజ్యము వచ్చువరకు ఆగనక్కరలేదు.